మూతపడిన మిల్లు – మొలవవలసిన మొహల్లా

“అడుసు తొక్కనేల, కాలు కడగనేల” అన్నారు మన పెద్దలు. వ్యక్తి జీవితానికి ఇది చక్కని హితవు. నగరాల విషయంలో మాత్రం ఇది ఆలస్యంగా అందిన హితవు. ఆధునిక నగరాలు అడుసు తొక్కియే పెద్దవైనాయి. పత్తి మిల్లు, తోళ్ల కర్మాగారం, అద్దకశాల, రైల్వే యార్డు, ఓడరేవు – వీటి చుట్టూ పేటలు వెలిశాయి, వీధులు పుట్టాయి, లక్షలాది కుటుంబాలు అన్నం తిన్నాయి. తరువాత కాలం మారింది. యంత్రాలు ఆగిపోయాయి. గేటుకు తాళం పడింది. ఒకనాడు ఊరి చివర ఉన్న కర్మాగారం, ఊరు పెరిగిన కారణంగా, నగరం నడిబొడ్డున మౌనంగా నిలిచి ఉన్నది. ఇప్పుడు ఆ నేలను ఏమి చేయాలి?

ఈ ప్రశ్న ఇంజనీర్లకో, స్థలాల వ్యాపారులకో మాత్రమే సంబంధించినది కాదు. ఆ నేల మీద పనిచేసిన వారి బిడ్డలు మన కళాశాలల్లో చదువుతున్నారు. ఆ నేల మీద రేపు ఇల్లు కోరేవారు కూడా వారే. కావున ఈ విషయాన్ని సామాన్య విద్యార్థికి అర్థమయ్యే రీతిలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వాడి విడిచిన నేల

ఒకసారి పరిశ్రమకో, రవాణాకో, సైనిక అవసరాలకో ఉపయోగపడి, పిమ్మట విడిచిపెట్టబడిన నగర భూమిని ఆంగ్లంలో ‘బ్రౌన్‌ఫీల్డ్’ అంటారు. ‘గోధుమరంగు పొలం’ అని మాటకు మాట చెబితే మనకు అర్థం కాదు. దీనిని ‘వాడి విడిచిన నేల’ అనుకుందాం. దీనికి ఎదురుగా నిలిచేది ‘గ్రీన్‌ఫీల్డ్’. అనగా ఇంతవరకు పంటపొలంగానో, తోటగానో, బీడుగానో ఉండి, మొట్టమొదటిసారి కట్టడాలకు లోనయ్యే నేల.

జనాభా పెరిగినప్పుడు నగరం ముందున్న మార్గాలు రెండే. బయటికి పాకి పొలాలను మింగడం మొదటిది. లోపల విడిచిన నేలను తిరిగి వాడుకోవడం రెండవది. రెండవ మార్గంలో ఉన్న లాభం స్పష్టమే. అక్కడికి రోడ్డు ముందే ఉన్నది. నీటి గొట్టం, మురుగు కాలువ, విద్యుత్తు, రైలు స్టేషను, బడి, ఆసుపత్రి దగ్గరలోనే ఉన్నాయి. ఒక్క ఎకరం పంటభూమి కూడా పోదు. ఉద్యోగి రోజుకు రెండు మూడు గంటలు బస్సులో వేలాడవలసిన పని ఉండదు.

ఇంత లాభం ఉండగా ఈ పని ఎందుకు సులభంగా జరగదు? ఎందుకంటే ఆ నేల ఖాళీ నేల కాదు. చూపుకు ఖాళీగా కనబడుతుంది. కాని దాని మీద రెండు బాకీలు ఉన్నాయి. ఒకటి మట్టికి పడిన బాకీ, మరొకటి మనిషికి పడిన బాకీ. ఈ రెండింటినీ తీర్చకుండా కట్టిన పేట ఎంత అందంగా ఉన్నా అది అప్పు మీద కట్టిన పేటయే.

మొదటి బాకీ – మట్టిలోని విషం

కర్మాగారం మూతపడుతుంది గాని, అది వదిలిన పదార్థాలు మూతపడవు. అద్దకశాలలు, తోళ్ల పరిశ్రమలు ఉన్నచోట క్రోమియం, బ్యాటరీలు చేసినచోట సీసం, యంత్రశాలల కింద కందెన నూనెలు, బొగ్గు నుండి వాయువు తీసినచోట తారు మిగిలిపోతాయి. పాత రేకుల కప్పులలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. సీసం, ఆర్సెనిక్ వంటి మూలకాలు కుళ్లి నశించేవి కావు. అవి దశాబ్దాల తరబడి మట్టిలోనే ఉంటాయి. ద్రావకాలు, నూనెలు మెల్లమెల్లగా భూగర్భజలంలోకి దిగి, ప్రహరీగోడ దాటి ఇరుగుపొరుగు బావులను చేరుకుంటాయి.

దీనిని లెక్కచేయకపోతే ఏమవుతుందో అమెరికాలోని లవ్ కెనాల్ ఉదంతం లోకానికి నేర్పింది. నయాగరా ఫాల్స్ నగరంలో తవ్వి విడిచిన ఒక పాత కాలువలో హుకర్ అనే రసాయన సంస్థ 1942 నుండి 1953 వరకు సుమారు 20 వేల టన్నులకు పైగా రసాయన వ్యర్థాలను పూడ్చింది. 1953లో ఆ స్థలాన్ని స్థానిక పాఠశాలల బోర్డుకు కేవలం ఒక డాలరుకు ఇచ్చివేసింది. పైన మట్టి కప్పి ఉన్నది. దాని మీద బడి వెలిసింది. చుట్టూ ఇండ్లు లేచాయి. పాతికేళ్లు గడిచేసరికి నేలమాళిగలలోకి విషరసాయనాలు ఊరసాగాయి. 1978లో ప్రభుత్వం అత్యవసర పరిస్థితిని ప్రకటించి కుటుంబాలను తరలించవలసి వచ్చింది. 1980లో ఆ దేశం ఇటువంటి స్థలాలను శుభ్రం చేయించడానికి ‘సూపర్‌ఫండ్’ అని పేరుబడిన చట్టాన్ని చేసుకున్నది. ఒక డాలరుకు దొరికిన నేల ఎంత ఖరీదైనదో అప్పుడు గాని తెలియలేదు.

అంత దూరం పోనక్కరలేదు. భోపాల్ మన దేశంలోనే ఉన్నది. 1984 డిసెంబరు 2 రాత్రి విషవాయువు వేలాది ప్రాణాలను బలిగొన్న సంగతి అందరికీ తెలుసు. కర్మాగారం ఆగిపోయిన తరువాత ఆ ఆవరణలో మిగిలిన విషపదార్థాల సంగతి తెలిసినవారు తక్కువ. చుట్టుపక్కల బస్తీల నీరు పాడైపోగా, ఆ బస్తీలకు మంచినీరు అందించవలసిందని సుప్రీంకోర్టు 2004లో ఆదేశించవలసి వచ్చింది. ఆవరణలో నిల్వ ఉంచిన 337 టన్నుల వ్యర్థాలు పీథంపూర్‌కు తరలింది 2025 జనవరిలో. అనగా దుర్ఘటన జరిగిన నలభై ఏళ్లకు! తరలినవి పోగుచేసి ఉంచిన వ్యర్థాలు మాత్రమే. నేలలోకి, నీటిలోకి ఇంకిపోయిన విషాన్ని తీయడం వేరే పని.

నేలను శుద్ధి చేయడం అసాధ్యమేమీ కాదు. అందుకు ఒక క్రమం ఉన్నది. మొదట ఆ స్థలం చరిత్రను తెలుసుకోవాలి. ఏ షెడ్డులో ఏ పని జరిగింది, ఏ తొట్టిలో ఏ రసాయనం నిల్వ ఉన్నది అనేది పాత పటాల నుండి, పాత కార్మికుల నుండి సేకరించాలి. ఎక్కడ తవ్వి చూడాలో ప్రయోగశాల కంటె ముందుగా చెప్పగలిగినవాడు ముప్పై ఏళ్లు అక్కడ పనిచేసిన కార్మికుడే. తరువాత గొట్టాలు దించి వివిధ లోతులలో మట్టినీ నీటినీ పరీక్షించాలి. ఆ పిమ్మట చికిత్స. విషపు మట్టిని తవ్వి సురక్షిత స్థలానికి తరలించడం ఒక పద్ధతి. మట్టిని కడగడం మరొకటి. నూనెల వంటి వాటిని సూక్ష్మజీవుల చేత తినిపించడం ఇంకొకటి. భూగర్భజలాన్ని తోడి శుద్ధిచేయడం, కదిలించరాని మట్టిపై గట్టి పొర పరచి దానిని అక్కడే బంధించడం కూడా ఉన్నాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సూత్రాన్ని గుర్తించాలి. ఎంత శుభ్రం చాలు అన్నది పైన రాబోయే దానిని బట్టి ఉంటుంది. వాహనాలు నిలిపే చోటికి చాలిన శుభ్రత, పసిపిల్లలు మట్టిలో ఆడుకొనే చోటికి చాలదు. కాబట్టి ఎక్కడ బడి, ఎక్కడ తోట, ఎక్కడ దుకాణం అన్న పటమూ, ఎక్కడ ఎంత విషం అన్న పటమూ పక్కపక్కన పెట్టి చూడాలి. కట్టడం మొదలైన తరువాత మట్టిని పరీక్షించడం వంట అయిన తరువాత బియ్యం ఏరడం వంటిది.

ఖర్చు ఎవరిది? కలుషితం చేసినవాడే చెల్లించాలన్న సూత్రాన్ని మన సుప్రీంకోర్టు 1996లో రాజస్థాన్‌లోని బిచ్ఛ్రి గ్రామం వ్యాజ్యంలో గట్టిగా నిలబెట్టింది. కలుషిత స్థలాలను గుర్తించి శుద్ధి చేయించడానికి కేంద్రప్రభుత్వం 2025 జూలైలో ప్రత్యేక నియమాలను ప్రకటించింది. నియమం పుట్టింది. దానిని నడిపించవలసినది మనుషులే.

రెండవ బాకీ – మిల్లు మనుషులు

మట్టికి పడిన బాకీని పరీక్షలతో కొలవవచ్చు. మనిషికి పడిన బాకీని కొలవడం కష్టం. దీనికి బొంబాయి మిల్లుల కంటె మంచి నిదర్శనం లేదు.

కావస్జీ నానాభాయి దావర్ స్థాపించిన మొదటి నూలుమిల్లు 1856లో తార్‌దేవ్‌లో పని మొదలుపెట్టింది. అప్పటి నుండి పరేల్, లాల్‌బాగ్, వర్లి ప్రాంతాలలో ఒకదాని పక్కన ఒకటిగా మిల్లులు లేచాయి. ఆ ప్రాంతానికి ‘గిర్‌ణ్‌గావ్’ అని, అనగా మిల్లుల ఊరు అని పేరు వచ్చింది. కొంకణ తీరం నుండి మరాఠీ రైతుబిడ్డలు, ఉత్తరదేశం నుండి ముస్లిం నేతపనివారు వచ్చారు. మన కరీంనగరం, నల్లగొండ ప్రాంతాల నుండి పద్మశాలీలు తరలిపోయారు. బొంబాయిలో కామాఠీపురా అనే పేరే తెలంగాణ నుండి వెళ్లిన కామాఠీ పనివారి గుర్తు. ఒక్కొక్క చాలులో చిన్న గదిలో పది మంది ఉండి, పాళీల చొప్పున నిద్రపోయి, ఆ నగరాన్ని నిలబెట్టినది వీరే.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె సాంకేతికంగా ఎప్పుడూ ముగియలేదు. మెల్లగా కరిగిపోయింది. నేతపని భివండీ వంటి చోట్ల మరమగ్గాలకు తరలింది. అక్కడ మోమిన్ ముస్లింలూ, తెలుగు పద్మశాలీలూ పక్కపక్క మగ్గాల మీద పనిచేశారు. బొంబాయి మిల్లులలో కొన్ని మూతపడ్డాయి, కొన్ని కుంటుతూ నడిచాయి. మిగిలింది నేల. 58 మిల్లుల కింద దాదాపు 600 ఎకరాల నేల, దేశంలోకెల్లా ఖరీదైన నగరంలో!

1991లో మహారాష్ట్ర ప్రభుత్వం ఒక నియమాన్ని తెచ్చింది. మిల్లు నేలను అభివృద్ధి చేయదలచినవారు దానిని స్థూలంగా మూడు భాగాలు చేయాలి. ఒక భాగం నగరానికి, ఉద్యానాల కొరకు, ఆటస్థలాల కొరకు. ఒక భాగం ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థకు, సామాన్యుల ఇండ్ల కొరకు. ఒక భాగం యజమానికి. చూడటానికి ఇది న్యాయమైన ఏర్పాటు. మట్టికి, మనిషికి, పెట్టుబడికి తలా ఒక భాగం.

1996లో ప్రసిద్ధ వాస్తుశిల్పి చార్లెస్ కొరియా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించారు. ఒక్కొక్క మిల్లును విడివిడిగా కాక, అన్నింటినీ కలిపి ఒకే పటంగా చూడాలన్నది ఆ సంఘం ఆలోచన. కాని ప్రైవేటు మిల్లులలోకి సంఘానికి ప్రవేశం దొరకలేదు. ప్రభుత్వ రంగంలోని జాతీయ జౌళి సంస్థకు చెందిన 25 మిల్లులను మాత్రమే వారు అధ్యయనం చేయగలిగారు.

2001లో నియమం మారింది. మారినది కొద్ది మాటలే. మూడు భాగాలు చేయవలసినది మొత్తం నేలను కాదు, కట్టడాలు లేని ఖాళీ నేలను మాత్రమే అన్నారు. ఈ కొద్ది మాటల బరువు ఎంతో ఒక ఊహాలెక్కతో చూద్దాం. ఒక మిల్లుకు 15 ఎకరాలు ఉన్నాయనుకుందాం. అందులో 12 ఎకరాల మీద షెడ్లు, 3 ఎకరాలు ఖాళీ. పాత నియమం ప్రకారం నగరానికి 5 ఎకరాలు, సామాన్యుల ఇండ్లకు 5 ఎకరాలు రావాలి. కొత్త నియమం ప్రకారం ఆ 3 ఎకరాలనే మూడు చేయాలి. కావున నగరానికి ఒక ఎకరం, ఇండ్లకు ఒక ఎకరం. మిగిలిన 13 ఎకరాలు యజమానివి. ఒక వాక్యం మారితే ఎనిమిది ఎకరాలు చేతులు మారాయి.

దీనిపై బొంబాయి పర్యావరణ కార్యాచరణ బృందం న్యాయస్థానానికి వెళ్లింది. 2005 అక్టోబరులో బొంబాయి హైకోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి 2001 నాటి మార్పును సమర్థించింది. ఈలోపు, 2005లోనే, జాతీయ జౌళి సంస్థ తన మిల్లులలో కొన్నింటిని వేలం వేసింది. ముంబయి టెక్స్‌టైల్ మిల్లు ఒక్కటే 702 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. 58లో 25 మిల్లులు ప్రజల ఆస్తియే. నేల ప్రజల చేతిలో లేకపోవడం వల్ల నష్టం జరగలేదు. చేతిలో ఉండి కూడా, దానిని పేటకు పునాదిగా గాక, అమ్మకపు సరుకుగా మాత్రమే చూడటం వల్ల జరిగింది.

తరువాత ఆ ప్రాంతంలో ఆకాశాన్నంటే భవనాలు, అంగళ్ల సముదాయాలు, కార్యాలయాలు లేచాయి. వాటికి తగిన రోడ్లు, వంతెనలు, తోటలు మాత్రం లేవలేదు. 2017 సెప్టెంబరు 29 ఉదయం ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషను వద్ద ఇరుకైన పాత నడక వంతెన మీద తొక్కిసలాట జరిగి ఇరవై మందికి పైగా మరణించారు. ఒకనాడు మిల్లు కూలీలు నడిచిన ఆ దారుల మీద ఇప్పుడు వేలాది కార్యాలయ ఉద్యోగులు ఒకే గంటలో దిగుతున్నారు. అదే ఏడాది డిసెంబరు 29న కమలా మిల్స్ ఆవరణలోని ఉపాహారశాలలలో మంటలు చెలరేగి 14 మంది ప్రాణాలు కోల్పోయారు. రెండు దుర్ఘటనలకూ వేర్వేరు తక్షణ కారణాలు ఉండవచ్చు. కాని కట్టడం ముందు, ఏర్పాటు తరువాత అన్న వరుసను నమ్ముకున్న ప్రాంతంలోనే ఈ రెండూ జరిగాయి.

కార్మికుల సంగతి ఏమయింది? 2012లో మాజీ మిల్లు కార్మికులకు, వారి వారసులకు 6,925 ఇండ్లను చీట్లు తీసి కేటాయించారు. ఇండ్లు కోరి దరఖాస్తు చేసుకున్నవారు లక్షకు పైగా ఉన్నారు. ఏరు దాటి తెప్ప తగలేయడం అంటే ఇదే కాదా?

ఉత్తరదేశపు ఒక ఉదాహరణ

పట్టు పట్టి చేస్తే ఈ పని మరొక రీతిగా కూడా జరుగుతుందని స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ చూపింది. ఆ నగరం దక్షిణ అంచున హామర్బీ అనే సరస్సు ఉన్నది. దాని ఒడ్డున రేవు, చిన్న చిన్న కర్మాగారాలు, రేకుల షెడ్లు, నూనెతో లోహాలతో పాడైన మట్టి. 1990ల ఆరంభంలో ఆ చోట కొత్త పేటను కట్టాలని నగరం తలపెట్టింది. 2004 ఒలింపిక్ క్రీడలను తమ నగరానికి రప్పించుకొనే ప్రయత్నంలో ఆ పేటను పర్యావరణానికి ఆదర్శంగా తీర్చిదిద్దాలని లక్ష్యాలు పెట్టుకున్నారు. క్రీడలు ఏథెన్సుకు వెళ్లిపోయాయి. లక్ష్యాలు మాత్రం మిగిలాయి. వాటిలో ప్రధానమైనది ఇది: 1990ల ఆరంభంలో కట్టిన మామూలు ఇండ్లతో పోలిస్తే కొత్త పేట ప్రకృతి మీద సగం భారమే మోపాలి.

అక్కడ నేలలో అధిక భాగం నగరం చేతిలో ఉన్నది. అందువల్ల వరుస నిర్ణయించే అధికారం కూడా నగరానిదే అయింది. ముందు మట్టిని శుభ్రం చేశారు. ట్రాం మార్గాన్ని పేట మధ్యగా నడిపించారు. 2002లో అది అక్కడ నడవసాగింది. అనగా నివాసులు కార్లకు అలవాటు పడకముందే ట్రాం వచ్చి వాకిట నిలిచింది. ఇండ్లలోని చెత్తను లారీలు మోయనక్కర లేకుండా, నేల కింది గొట్టాలలో గాలి ఒత్తిడితో లాగి ఒకచోట చేర్చే ఏర్పాటు చేశారు. మురుగు నుండి జీవవాయువును తీశారు. శుద్ధిచేసిన మురుగునీటిలో మిగిలిన వెచ్చదనాన్ని కూడా పట్టి చలికాలంలో ఇండ్లు వెచ్చగా ఉంచడానికి వాడుకున్నారు. మనం పారబోసేదే వారికి పొయ్యిలో కట్టె అయింది. పాత లూమా విద్యుద్దీపాల కర్మాగారాన్ని కూల్చకుండా కొత్త అవసరాలకు మలచుకున్నారు. సుమారు 11 వేల ఇండ్లతో, పాతిక వేల జనాభాతో అది నేడు సజీవమైన పేట.

అక్కడ అంతా సవ్యమే అనుకోరాదు. ఇండ్లలో విద్యుత్తు, వేడి కొరకు పెట్టుకున్న మితిని చాలా భవనాలు దాటిపోయాయి. వయసు మళ్లినవారు ఎక్కువగా వస్తారని ఊహించగా, పిల్లలున్న యువ దంపతులు వచ్చారు. బడులు, శిశుశాలలు చాలలేదు. అన్నింటికంటె ముఖ్యంగా, అక్కడి ఇండ్లు ఎక్కువగా మధ్యతరగతికి, అంతకు మించినవారికే అందాయి. మొదటి బాకీని చక్కగా తీర్చిన నగరం రెండవ బాకీ విషయంలో అంత శ్రద్ధ చూపలేదు. యంత్రం ఎంత గొప్పదైనా న్యాయం దానంతట అది పుట్టదు.

మిశ్రమ పేట కొత్తదా?

ఇటువంటి పేటను ‘మిశ్రమ వినియోగ’ ప్రాంతమని ప్రణాళికా శాస్త్రం అంటున్నది. అనగా నివాసం, వ్యాపారం, పని, చదువు, విశ్రాంతి అన్నీ నడక దూరంలో కలిసి ఉండే చోటు. ఈ పేరు కొత్తదే గాని, వస్తువు మనకు పాతదే. మన పాత మొహల్లాను గుర్తు తెచ్చుకోండి. కింద దుకాణం, పైన ఇల్లు. మలుపులో బడి. నాలుగడుగుల్లో మసీదు, గుడి, బజారు. దర్జీ, హకీము, కిరాణాకొట్టువాడు అదే వీధివారు. ఆ వీధికి రాత్రి కూడా కళ్లు ఉన్నాయి.

దీనిలో శాస్త్రం ఉన్నది. కార్యాలయాలే ఉన్న ప్రాంతం ఉదయం ఒక్కసారిగా నిండుతుంది, సాయంత్రం ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. రోడ్డు, రైలు ఆ రెండు గంటల రద్దీకే పగిలిపోతాయి. మిగిలిన వేళ వట్టిగా ఉంటాయి. ఇండ్లే ఉన్న ప్రాంతానికి దీనికి విపర్యయమైన అవస్థ. రెండూ కలిసినచోట రాకపోకలు రోజంతా సర్దుకుంటాయి. చాలా పనులకు వాహనమే అక్కరలేదు. పెట్రోలు తగ్గుతుంది, పొగ తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది. ‘సుస్థిరత’ అన్న పెద్దమాటకు అర్థం ఇంతే. నేటి అవసరం తీర్చుకొనేటప్పుడు రేపటివారి పళ్లెంలోది తినకుండా ఉండటం.

అయితే కలయిక అన్నది దుకాణానికీ ఇంటికీ మాత్రమే సంబంధించినది కాదు. ధనికుడు, గుమాస్తా, తోపుడుబండివాడు ముగ్గురూ ఉండగలిగినదే నిజమైన మిశ్రమ పేట. ముగ్గురిలో ఇద్దరికి ప్రవేశం లేని చోటును ఎన్ని చెట్లు నాటినా పేట అనలేము. ఈ మాటకు మన చరిత్రలో కూడా పునాది ఉన్నది. 1908 మూసీ వరద తరువాత, 1912లో హైదరాబాదులో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తొలగించడంతో సరిపెట్టుకోలేదు. నిర్వాసితుల కొరకు, అల్పాదాయ వర్గాల కొరకు ఇండ్లు కూడా కట్టించింది. తొలగించినవాడే చోటు చూపాలన్న ధర్మం మనకు పరాయిది కాదు.

మన వాకిట ఉన్న ప్రశ్న

బొంబాయి, స్టాక్‌హోమ్ దూరపు ఊళ్లు అనుకోనవసరం లేదు. వరంగల్లులో అజంజాహీ మిల్లు 1934లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో వెలిసింది. తెలంగాణ పత్తిని తెలంగాణలోనే బట్టగా మార్చిన మిల్లు అది. 1974లో జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చింది. 2002లో మూతపడింది. వేలాది కుటుంబాలకు పగలూ రాత్రీ లెక్క చెప్పిన సైరను ఆగిపోయింది. ఆ నేలలో కొంత భాగం ప్లాట్లుగా చీలి అమ్ముడయింది. నివేశన స్థలాల కొరకు కార్మికులు ఏళ్ల తరబడి అధికారుల చుట్టూ తిరిగారు. ఇక అదే వరంగల్లు సమీపంలో 2017లో కొత్త జౌళి పార్కుకు గ్రామీణ భూములలో శంకుస్థాపన జరిగింది. పరిశ్రమ రావడం సంతోషమే. కాని నగరం లోపలి నేల చేజారిపోవడమూ, నగరం బయట పల్లెభూములు కావలసి రావడమూ ఒకే కథలోని రెండు అధ్యాయాలని గుర్తించాలి.

రాబోయే రోజులలో ఇటువంటి స్థలాలు మన పట్టణాలలో ఇంకా బయటపడతాయి. పాత పారిశ్రామిక వాడలు, మూసిన చక్కెర కర్మాగారాలు, నూనె మిల్లులు, పత్తి జిన్నింగు మిల్లులు ఉన్నాయి. ప్రతిచోటా ‘అభివృద్ధి’ అన్న మాట గోడ మీది రంగుల బొమ్మగా ముందు వస్తుంది. ఆ బొమ్మలో చెట్లు ఉంటాయి, ఫౌంటెను ఉంటుంది, నవ్వుతున్న కుటుంబం ఉంటుంది. ఇల్లు అలుకగానే పండుగ కాదన్న సామెతను అప్పుడు గుర్తుంచుకోవాలి.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ఇంజనీర్లు అవుతారు, కొందరు న్యాయవాదులు, కొందరు పురపాలక సంఘాలలో గుమాస్తాలు, సభ్యులు అవుతారు. ఏమీ కాకపోయినా పౌరులు అవుతారు. మీ ఊళ్లో మూతపడిన కర్మాగారం స్థలంలో కొత్త పేట వస్తున్నదని విన్ననాడు నాలుగు ప్రశ్నలు అడగండి. మట్టిని ఎవరు పరీక్షించారు, ఆ నివేదిక ఎక్కడ చదవవచ్చు? ప్రజల వాటా ఎన్ని ఎకరాలు, అది ‘మొత్తం నేల’లోనా ‘ఖాళీ నేల’లోనా? అక్కడ చెమటోడ్చినవారికి అక్కడే ఎన్ని ఇండ్లు? బడి, బస్సు, మురుగు కాలువ ఇండ్ల కంటె ముందు వస్తున్నాయా, తరువాతనా? ఈ నాలుగింటికీ సమాచార హక్కు చట్టం కింద లిఖితపూర్వకంగా జవాబు కోరే హక్కు 2005 నుండి ప్రతి పౌరునికీ ఉన్నది.

ఉర్దూలో ‘అమానత్’ అన్న చక్కని మాట ఉన్నది. ఒకరు నమ్మి మన చేతిలో దాచుకున్న సొత్తు అని దాని భావం. నగరం నడిమధ్యన విడిచిన నేల అటువంటిది. దాని మీద చెమటోడ్చినవారూ, రేపు దాని మీద ఆడుకోబోయే పిల్లలూ దానిని మన చేతిలో ఉంచారు. అమానత్‌ను వేలం వేసే ముందు దాచుకున్నవారిని అడగడం మర్యాద. ఆ అడిగే పని ఒప్పందం మీద సంతకం పడకముందే జరగాలి. 2001లో బొంబాయిలో మారిన ఆ కొద్ది మాటలను సకాలంలో చదివి, అర్థం చేసుకొని, పదిమందికి చెప్పినవారు చాలినంతమంది లేకపోయారు. చదువుకున్నవారి అవసరం అక్కడనే ఉన్నది.